అవ్వ దాచిన తగరం

మా అవ్వ సింఫొరోసాకు పెద్దవంటే గౌరవం, చిన్నవంటే చులకన. సంతలో బంగాళదుంపలు కొనేటప్పుడు పెద్దవన్నీ ఏరి తన సంచిలో వేసుకుని, గోలీల్లాంటివి అమ్మే ఆవిడ ముందుకే నెట్టి, "ఇవి నీ కోళ్లకు వేసుకో తల్లీ" అంటుంది. మనుషుల విషయంలోనూ అంతే. నేను పొట్టిదాన్ని కాబట్టి ఇంట్లో నా మాటకు ఎప్పుడూ విలువ లేదు. "ముందు టేబుల్ అంత ఎత్తు ఎదుగు, ఆ తర్వాత సలహాలు చెబుదువు" అంటుంది. నాకు ఇరవై దాటాయి. ఇంక ఎదగను. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

తప్పు ఆవిడది కాదు. బతుకంతా ఆవిడ చేసిన పని అలాంటిది. మా పొటోసీ ఊరి కొండ వాలు మీద, గనివాళ్లు పారబోసిన రాళ్ల గుట్టల్లో కూర్చుని, సుత్తితో రాయి పగలగొట్టి, తగరం ఉన్న ముక్కలు ఏరేది. అలా ఏరే ఆడవాళ్లను మా దగ్గర పల్లిరి అంటారు. అవ్వ పల్లిరి, వాళ్లమ్మ పల్లిరి. పిడికిలంత నల్లటి ముక్క దొరికితే ఆ రోజు పండగ. పిండి పిండిగా దొరికితే మొహం ముడుచుకుని ఇంటికొచ్చేది. అయినా ఆ పిండిని కూడా వదిలేది కాదు. కోడి ఈకతో గుడ్డలోకి ఊడ్చుకుని తెచ్చేది. ఎవరో పారేసిన దాంట్లోంచి ఏరుకునే మనిషి, తాను ఏరుకున్నదాన్ని పారేస్తుందా?

తాత మాత్రం గని లోపల తవ్వేవాడు. లోపలి దుమ్ము పీల్చి పీల్చి, ఊపిరితిత్తులు రాయి కట్టి పోయాడు. ఆఖరి ఏడాది ఆయన మంచం మీద పడుకోలేక కూర్చునే నిద్రపోయేవాడు. అవ్వ ఆయన వీపుకు చెవి ఆనించి వినేది. నాకు బాగా గుర్తున్నది ఆ ఒక్క దృశ్యమే: టోపీ తీసి పక్కన పెట్టి, జడలు రెండూ వెనక్కి వేసుకుని, తలుపు అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు ఆయన వీపుకు అతుక్కుపోయిన అవ్వ.

తాతను పూడ్చి వచ్చిన మర్నాడే నన్ను గుట్టల మీద నుంచి దించేసింది. అప్పటిదాకా నేను ఆవిడ పక్కనే రాళ్లతో ఇళ్లు కట్టుకుంటూ ఆడేదాన్ని. మా అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుని సుక్రే పట్నంలో ఉంటుంది. నన్ను పెంచింది అవ్వే.

"ఈ ఇంట్లో దుమ్ము పీల్చింది మీ తాతతో సరి. నువ్వు బడికి పో" అంది.

బడికి పోయాను. సగంలో మానేశాను. అది ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. మార్కెట్ వెనక సందులో ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాక కాస్త చల్లబడింది. ఉబ్బిన బ్యాటరీ తీసి కొత్తది వేయడం, తెగిన తీగను టంకం పెట్టి అతికించడం, విరిగిన అద్దం మార్చడం నా పని. టంకం తీగ తగరమేనని చెప్పిన రోజు అవ్వ దాన్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది.

"అంటే నేను పగలగొట్టిందే నువ్వు అతికిస్తున్నావన్నమాట."

మోకాళ్లు అరిగి కొండ ఎక్కలేని పరిస్థితి వచ్చాక, కొండ కింద కొత్తగా కట్టిన పరిశోధనశాలలో అవ్వకు శుభ్రం చేసే పని దొరికింది. బ్యాటరీల్లో వాడే పొడులు చేస్తారక్కడ. మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి శాలువా విప్పకుండానే మొదలుపెట్టింది.

"వాళ్లకు పిచ్చి పట్టిందే. మంచి తగరం తెస్తారు, మెరిసేది. తెచ్చి దాన్ని ఏం చేస్తారో చెప్పు?"

"ఏం చేస్తారు?"

"చిన్నది చేస్తారు! ఇంకా చిన్నది, ఇంకా చిన్నది. చివరికి కంటికి కనపడకుండా పోయేదాకా. తలవెంట్రుకను అడ్డంగా వెయ్యి ముక్కలు కోస్తే ఒక ముక్క ఎంతుంటుందో ఒక్కో రేణువు అంతేనంట. ఆ ఇంజనీరమ్మ ఎంత గర్వంగా చెప్పిందో! నేను మా గుట్ట మీద అట్లాంటి తగరం ఏరుకొస్తే మా అమ్మ నన్ను చెప్పుతో కొట్టేది."

"అవ్వా, అది బ్యాటరీ కోసం. చార్జింగ్ పెట్టినప్పుడు తగరం లిథియంను మింగుతుంది. మింగి ఉబ్బుతుంది, మూడింతలు. పెద్ద రేణువైతే పగిలిపోతుంది. చిన్నదైతే ఉబ్బినా తట్టుకుంటుంది."

"నీకెవరు చెప్పారు?"

"ఫోన్లో చూశాను."

"చూనో లాగానా?" అంది కొంచెం ఆలోచించి. చూనో అంటే మంచులో ఆరబెట్టిన నల్ల బంగాళదుంప. నీళ్లలో నానబెడితే ఉబ్బుతుంది. "పెద్ద చూనో నానితే పగులుతుంది, నిజమే. కానీ తినడానికి పెద్దదే బాగుంటుంది."

దాంతో విజ్ఞానశాస్త్రం ఆ రోజుకు ముగిసింది.

ఇంజనీరమ్మ పేరు గ్రాసియెలా. కళ్లద్దాలు, సన్నగా ఉంటుంది, నాకంటే కొంచెమే పెద్దది. అవ్వకు ఆవిడ మీద జాలి. "పాపం, ఎముకల మీద చర్మం. వాళ్లమ్మ దగ్గర సరిగ్గా తినలేదు" అని గిన్నెలో ఏదో ఒకటి పట్టుకుపోయేది. గ్రాసియెలా మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పిందట: బల్ల మీద పొడి పడితే తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డను ఎర్ర సంచిలో పడేసి మూతి కట్టాలి, పొడిగా ఊడవకూడదు, మూతికి పెట్టుకున్న మాస్కు తీయకూడదు. అవ్వ అన్నిటికీ సరే అంది. మా అవ్వ సరే అనడంలో చాలా రకాలుంటాయి.

ఒక ఆదివారం పొద్దున్నే అవ్వ సంతకు వెళ్లింది. నేను ఇంట్లోనే కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఎవరిదో ఫోను విప్పి కూర్చున్నాను. వేడిగాలి ఊదే యంత్రం నడుస్తోంది. దాంతో ఫోను వెనకనున్న జిగురు కరిగిస్తాను. ఆకలేసింది. మంచం కింద అవ్వ పాలడబ్బాలో పీటో దాస్తుందని నాకు తెలుసు. వేయించిన బార్లీ పిండి అది. నా నుంచి కాపాడటానికే అక్కడ దాస్తుంది. డబ్బా లాగి బల్ల మీద పెట్టి మూత తీశాను. పిండి నల్లగా ఉంది. మాడ్చేసిందేమో అనుకున్నాను. చెంచాతో తీసి వాసన చూడబోయాను. చెయ్యి తగిలి వేడిగాలి గొట్టం ఇటు తిరిగింది.

చెంచాలోది పొగలా లేచింది. లేచిన పొగ మంటైపోయింది.

చప్పుడు పెద్దగా లేదు. ఎవరో దుప్పటి దులిపినట్టు ఒక్క విదిలింపు. కళ్ల ముందు తెల్లటి వెలుగు. నేను కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. లేచి చూసేసరికి గాల్లో తెల్లటి బూడిద మెల్లగా దిగుతోంది. నా ముందు జుట్టు కాలిన కంపు. అద్దంలో చూసుకుంటే ఎడమ కనుబొమ్మ లేదు. డబ్బాలో మిగిలింది అలాగే ఉంది, నల్లగా, అమాయకంగా. గబగబా మూత బిగించాను.

పీటో ఎందుకు మండుతుంది?

అవ్వ తలుపు తోసుకుని వచ్చి నన్ను చూసి ముందు పడీ పడీ నవ్వింది.

"ఏందే ఈ అవతారం! సగం మొహం ఎవరికి అమ్ముకున్నావు?"

"అవ్వా, ఆ డబ్బాలో ఏముంది?"

నవ్వు ఆగిపోయింది. డబ్బా వైపు చూసింది, బల్ల వైపు చూసింది, నేల మీది తెల్ల బూడిద వైపు చూసింది.

"తగరం" అంది.

"తగరం మండదు కదే!"

"మండదు! నా బతుకంతా తగరంతోనే గడిచింది, ఒక్క ముక్క మండగా చూడలేదు నేను. నువ్వే ఏదో చేసుంటావు."

"ఎక్కడిది?"

అవ్వ మంచం మీద కూర్చుని శాలువా అంచు మడతలు పెట్టడం మొదలుపెట్టింది. బల్లల అంచుల్లో, తూకం యంత్రాల చుట్టూ చిటికెడు చిటికెడు పడుతుందట. తడిగుడ్డతో తుడిస్తే ఆ గుడ్డతో పాటు చెత్తలో పోతుంది. అంత మంచి తగరం. అందుకని అందరూ భోజనానికి వెళ్లినప్పుడు కోడి ఈకతో కాగితం మీదకు ఊడ్చి, డబ్బాలో పోసుకుని తెచ్చిందట. ఆవిడ లెక్కలో కింద పడింది గుట్ట మీద పడినట్టే. గుట్ట మీద పడింది పల్లిరిదే.

"నీకోసమే. నిండినాక కరిగించి ముద్ద చేసి నీ పుట్టినరోజుకు ఇద్దామనుకున్నాను, టంకానికి పనికొస్తుందని. మొన్న కొంచెం గరిటెలో పెట్టి పొయ్యి మీద చూశాను. కరగలేదు. తెల్లగా బూడిదైపోయింది. దొంగ తగరం."

నాకు కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. గ్రాసియెలాకు ఫోన్ చేశాను. ఆదివారమైనా అరగంటలో వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, సంచిలోంచి మాస్కు తీసి పెట్టుకుని, మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చి, అప్పుడు లోపలికి వచ్చింది.

"నేను దొంగను కాదమ్మా" అంది అవ్వ, ఆవిడ నోరు తెరవకముందే. "కింద పడిందే తెచ్చాను."

"తెలుసు అవ్వా. దాని సంగతి వదిలేయండి." డబ్బాను సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి కట్టింది. "ఇది మండడంలో వింత లేదు. మేకు మండదు, అదే ఇనుమును పొడి చేసి నిప్పులో చల్లితే చిటపటలాడుతుంది కదా? చిన్నదయ్యేకొద్దీ గాలి తగిలే చోటు పెరుగుతుంది. ఇంత చెంచాడు పొడిని విప్పి పరిస్తే ఈ గదంతా కప్పేస్తుంది. అందుకే తడిగుడ్డ అన్నాను."

"నువ్వు మంట సంగతి చెప్పలేదు" అంది అవ్వ.

"చెప్పాల్సింది. నా తప్పే." గ్రాసియెలా గది చుట్టూ చూసింది. మంచం, పక్కనే నా పరుపు, బల్ల, వేడిగాలి యంత్రం. "ఈ డబ్బా ఎన్నాళ్లుగా ఇక్కడుంది?"

"కార్నివాల్ పండగ నుంచి" అంది అవ్వ.

కార్నివాల్ అయి నెలలు గడిచాయి.

"మూత తీసేవాళ్లా?"

"రోజూ. తెచ్చింది పోయడానికి."

"పిల్ల ఇక్కడే పడుకుంటుందా?"

అవ్వ నా పరుపు వైపు చూసింది. గ్రాసియెలా మెల్లగా, మాటలు ఏరుకుంటూ చెప్పింది. గరుకు దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగుతుంది, దగ్గితే వచ్చేస్తుంది. ఇంత సన్నటిది ఆగదు, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. పోయి ఏం చేస్తుందో పూర్తిగా ఎవరికీ తెలియదు. ఏమీ చేయకపోవచ్చు కూడా. కానీ ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

"అడుగు దాకానా?" అంది అవ్వ.

"అవునవ్వా."

మా అవ్వ ముఖంలో రక్తం లేకుండా పోవడం నేను అప్పుడే చూశాను. తాత పోయిన రోజు కూడా అలా లేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు తిరిగి, "ఇట్లా రా" అంది. వెళ్లాను. నన్ను వెనక్కి తిప్పి, నా వీపుకు చెవి ఆనించింది.

"ఊపిరి పీల్చు."

పీల్చాను.

"గట్టిగా పీల్చవే, పొట్టిదానా."

గ్రాసియెలా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఆ తర్వాత ఇంట్లో ఉండటం నరకమైంది. అవ్వ గోడలు కడిగింది, పరుపు బయట పారేసింది, నా బట్టలు ఉడకబెట్టింది. తడిగుడ్డ! ఏ తడిగుడ్డనైతే లెక్కచేయలేదో దాన్నే పట్టుకుని, మోకాళ్లు అరిగిన మనిషి నేల మీద పాకుతూ తుడిచింది. ఎవరితోనూ గొడవ పడలేదు. సంతలో చిన్న దుంపలు వేసినా నోరెత్తలేదని దుంపలావిడ నా కొట్టుకు వచ్చి మరీ అడిగింది, మీ అవ్వకు ఒంట్లో బాగుందా అని. నేను తుమ్మితే చాలు పరుగెత్తుకొచ్చేది. ఒకసారి ఆటపట్టించడానికి ఊరికే దగ్గాను. ఆవిడ చేతిలో ఉన్న గిన్నె జారి పడింది. మళ్లీ ఆ ఆట ఆడలేదు.

గ్రాసియెలాతో కలిసి గనివాళ్ల ఊపిరితిత్తులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ముందు నన్ను ఎక్స్‌రే యంత్రం ఎదుట నిలబెట్టారు. అవ్వ తనకొద్దంది. "నా సంగతి తర్వాత, ముందు పిల్లది తేల్చండి." గ్రాసియెలా బతిమాలితే, శాలువా విప్పడానికి అరగంట గొడవ చేసి తీయించుకుంది.

డాక్టరు రెండు ఫిల్ములనూ వెలుగుతున్న పలక మీద పక్కపక్కన పెట్టాడు. నాది నల్లగా ఉంది.

"నల్లగా ఉందే!" అవ్వ లేచి నిలబడింది.

"నల్లగా ఉంటేనే మంచిదమ్మా. నలుపంటే గాలి. మీ మనవరాలికి ఇప్పటికైతే ఏమీ లేదు. ఇందులో కనపడనివీ ఉంటాయి కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి."

అవ్వ కూర్చుంది. శిలువ గుర్తు వేసుకుంది. నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఎందుకో అడగలేదు నేను, నాకూ ఏడుపొచ్చేలా ఉంది. "విన్నావా, ఖాళీగా ఉందంట. బడిలో నీ బుర్ర గురించి టీచరమ్మ కూడా ఇదే చెప్పింది."

ముగ్గురం నవ్వాం. డాక్టరు నవ్వలేదు. ఆయన రెండో ఫిల్ము చూస్తున్నాడు. దాన్నిండా తెల్లటి చుక్కలు, జల్లెడ పట్టిన పిండి చల్లినట్టు. పైభాగంలో అవి కలిసిపోయి గడ్డలయ్యాయి.

"అమ్మా, మీరు గని లోపల ఎన్నేళ్లు పనిచేశారు?"

"లోపలా?" అవ్వకు ఆ ప్రశ్నే తప్పుగా తోచింది. "ఆడవాళ్లను లోపలికి రానివ్వరు డాక్టరుగారూ. నేను పల్లిరిని. బయట, గుట్ట మీద."

"సుత్తితో రాయి కొట్టేవారా?"

"మరి గుడ్డుతో కొడతానా?"

"దుమ్ము లేచేదా?"

అవ్వ శాలువా అంచు మడతలు పెట్టింది.

"ఇది తగరం పొడి వల్ల వచ్చింది కాదు. ఇన్ని నెలల్లో ఇట్లా అవదు. ఇది పాతది, ఇరవై ముప్ఫై ఏళ్లది. రాతి దుమ్ము. గనివాళ్లకు వచ్చేదే."

"ఆయన లోపల ఉండేవాడు" అంది అవ్వ, చిన్నపిల్లకు చెప్పినట్టు. "నేను బయట ఉండేదాన్ని. బయట గాలి ఉంటుంది. కొండ మీద అంత గాలి! టోపీ ఎగిరిపోయేది."

డాక్టరు వేలితో ఆ తెల్లటి గడ్డలను చూపించాడు.

ఇన్నేళ్లూ ఈవిడ మెట్ల మీద ఆగితే మోకాళ్లనుకున్నాను. మాట మధ్యలో ఆగితే తిట్టు వెతుక్కుంటోందనుకున్నాను. తాత వీపుకు చెవి పెట్టి విన్న మనిషి వీపుకు ఎవరూ చెవి పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఎవరికి తోస్తుంది? ఆవిడ ఆడది, ఆవిడ బయట ఉంది.

అవ్వ లేచి పలక దగ్గరికి వెళ్లింది. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి తన ఊపిరితిత్తులను చూసింది. వేలితో ఒక చుక్క ముట్టింది. ఏరదామనుకున్నట్టు గోరుతో గీకింది.

"ఇవి కూడా చిన్నవేనా?" అంది. "ఇంజనీరమ్మ పొడి లాగా?"

"దానికంటే చాలా పెద్దవి. కానీ లోపలికి పోయేంత చిన్నవే."

"చిన్నవే" అంది అవ్వ. "కరగవా?"

"కరగవమ్మా."

"నీది ఖాళీ, నాది నిండుగా ఉంది" అంది నాతో. ఆ మాట హాస్యానికే అందనుకుంటా. అంటూనే తన ఫిల్మును పలక మీంచి తీసింది. డాక్టరు అది ఇక్కడే ఉండాలన్నాడు. అవ్వ విననట్టు శాలువాలో చుట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే, వద్దంటున్నా, కొండ ఎక్కింది. నేను వెనకే వెళ్లాను. నాలుగడుగులకోసారి ఆగింది. ఆగినప్పుడల్లా నేనూ ఆగాను, ఏమీ అనలేదు. గుట్ట మీద పల్లిరులు సుత్తులతో కొడుతున్నారు. ఒక్కో దెబ్బకు ఒక్కో తెల్లటి పొగ లేస్తోంది. చిన్నప్పుడు ఆ పొగలో ఆడుకున్నాను. అది తాతను తిన్న దుమ్మేనని నాకు అప్పుడు తెలియదు.

"వచ్చిందమ్మా రాణీగారు!" అరిచింది ఇలారియా. ఆవిడ అవ్వకు చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు, నోట్లో ఎప్పుడూ అలుపు తెలియకుండా నమిలే కోకా ఆకు. "బల్లలు తుడిచి తుడిచి విసుగొచ్చిందా? నీ చోట వేరేవాళ్లు కూర్చున్నారు, పో పో."

అవ్వకు జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. శాలువాలోంచి ఫిల్ము తీసి ఎండకు అడ్డంగా పట్టుకుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు.

"ఎవరిది? ఆయనదా?" అంది ఇలారియా. "పాపం, ఇన్నేళ్లు దాచుకున్నావా?"

"నాదే."

ఇలారియా నవ్వబోయింది. మా అవ్వ ముఖం చూసి ఆపుకుంది. ఫిల్ము వైపు చూసింది, చేతిలోని సుత్తి వైపు చూసింది, తను కొడుతున్న రాయి మీద ఇంకా తేలుతున్న దుమ్ము వైపు చూసింది. నములుతున్న ఆకు నమలడం మర్చిపోయింది.

"మనం బయట ఉంటాం కదే సింఫొరోసా" అంది.

"నేనూ అదే చెప్పాను డాక్టరుకు."

చాలాసేపు సుత్తి చప్పుడు వినపడలేదు. గాలి మాత్రం వీస్తూనే ఉంది, ఎంతో శుభ్రమైనదానిలా.

గుట్ట మీది ఆడవాళ్లంతా మినీబస్సెక్కి డాక్టరు దగ్గరికి దిగారు. కండక్టరు కుర్రాడు టోపీలన్నీ చూసి, "ఏంటవ్వలూ, ఎవరి పెళ్లి?" అన్నాడు. "ఫొటో దిగడానికిరా, నోరు మూసుకుని తలుపు వెయ్యి" అంది అవ్వ. ఆవిడ చెప్పిన ఏ పెద్ద మాటా వాళ్లను దించలేదు. నా కళ్ల ముందే ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని, తిట్టి, సుత్తి లాక్కుని దించింది.

"టోపీ తీయమంటారా?" అంది ఇలారియా భయంగా.

"టోపీ ఏంటే, రవిక కూడా."

"ఛీ! మగ డాక్టరా?"

"మగాడే. కానీ మన లోపలిది తప్ప ఇంకేమీ చూడడు, దిగులుపడకు. ఆ వయసు దాటిపోయింది నీకు."

బస్సంతా గొల్లుమంది. నవ్వులో నుంచి దగ్గు మొదలైంది, ముందు సీటులో ఒకరు, వెనక ఒకరు, తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి. అవ్వ నవ్వడం మానేసి, తల ఒక పక్కకు వంచి, దగ్గినవాళ్ల వైపు ఒక్కొక్కరి వైపే తిరిగి వినడం మొదలుపెట్టింది. నేను ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ వీపుకు చెవి ఆనించాను. ఆవిడ "ఏందే ఇది, దారిలో" అని విదిలించుకోబోయి, ఊరుకుంది.